ప్రయాణపు ట్రైపాడ్‌కు బాల్ హెడ్: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ప్రయాణాల కోసం ట్రైపాడ్ కొనేవారు కాళ్ల బరువును, మడిచినప్పటి పొడవును పదిసార్లు పోల్చి చూసుకుంటారు గాని, పైన బిగించే బాల్ హెడ్ (కెమెరాను ఒక బంతి మీద ఏ వైపుకైనా వాల్చి, నాబ్‌తో బిగించి నిలిపే భాగం) దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో ఏది వస్తే దానితో సరిపెట్టుకుంటారు. లేదా ఉన్నవాటిలో అన్నింటికన్నా తక్కువ గ్రాములు చూపించేదాన్ని తీసుకుంటారు. కార్బన్ ఫైబర్ కాళ్లకు వేలకు వేలు పోసిన తరువాత కూడా ఫొటో కదిలిపోతూ ఉంటే, ఎక్కువసార్లు అందుకు కారణం ఈ చిన్న భాగమే. తేలికైన హెడ్ కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దేశీయ విమానాలలో చేతి సంచికి సాధారణంగా 7 కిలోల పరిమితి ఉంటుంది. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండకు తెల్లవారుజామున నడిచి ఎక్కేవారికి 200 గ్రాముల తేడా కూడా భుజానికి తెలుస్తుంది. అయితే ఆ 200 గ్రాములను హెడ్‌లోని ఏ భాగం నుంచి తగ్గించాలన్నదే అసలు ప్రశ్న. హంగుల నుంచి తగ్గించవచ్చు; బంతి వ్యాసం నుంచి, దాని మెడ మందం నుంచి మాత్రం తగ్గించకూడదని నా అభిప్రాయం.

ముందుగా మీ కెమెరాను తూచండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. బ్యాటరీ, కార్డు, ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్‌లో అమర్చే పలక) అన్నీ ఉంచి, ప్రయాణంలో వాడే లెన్సులలో అన్నింటికన్నా బరువైనదాన్ని తగిలించి తూచాలి. 650 గ్రాముల ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు 850 గ్రాముల జూమ్ లెన్స్ తోడైతే మొత్తం కిలోన్నర అవుతుంది. ఇప్పుడు ఆ కెమెరాను లెన్స్‌తో సహా ఒక వేలి మీద నిలబెట్టే ప్రయత్నం చేసి, బరువు ఎక్కడ సమంగా నిలుస్తుందో గమనించండి. ఆ బిందువు ట్రైపాడ్ మర బిగించే చోటుకు ఎంత ముందుకు ఉంటే బంతి మీద అంత శ్రమ పడుతుంది.

తయారీదారు పెట్టె మీద ముద్రించే మోత సామర్థ్యం ఈ శ్రమను గురించి దాదాపు ఏమీ చెప్పదు. 8 కిలోలు, 10 కిలోలు అని కనిపించే ఆ అంకెను నిర్ణయించడానికి అన్ని సంస్థలూ పాటించే ఉమ్మడి పరీక్ష ఏదీ లేదు. బరువును బంతికి సరిగ్గా నిట్టనిలువుగా పైన పెట్టి కొలిస్తే, పది కిలోలు పెట్టినా బంతిని తిప్పే బలం సున్నాయే. అసలు పరీక్ష కెమెరా వాలినప్పుడు మొదలవుతుంది. పైన చెప్పిన కిలోన్నర కెమెరాను నిలువు ఫొటో కోసం హెడ్ పక్కన ఉండే గాడిలోకి పూర్తిగా వాల్చినప్పుడు, దాని గరిమనాభి బంతి కేంద్రానికి 9 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బంతిని తిప్పడానికి సుమారు 1.3 న్యూటన్ మీటర్ల బలం నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. హెడ్ ఎదుర్కోవలసినది కిలోల లెక్కలోని బరువును కాదు, ఈ తిప్పుడు బలాన్ని. కనుక ముద్రించిన అంకెను మొదటి వడపోతకు మాత్రమే వాడుకోవాలి. మీ కెమెరా బరువుకు కనీసం నాలుగైదు రెట్లు రాసి లేని హెడ్‌ను పక్కన పెట్టవచ్చు. అంతకు మించి, 8 రాసినదానికన్నా 12 రాసినది మెరుగని అనుకోవడానికి ఆధారం లేదు, ముఖ్యంగా ఆ రెండూ వేరువేరు సంస్థలవైతే.

బంతిని పట్టి ఉంచేది రాపిడి. ఆ రాపిడి బంతి ఉపరితలం మీద పనిచేస్తుంది కాబట్టి, అదే బిగింపుతో పెద్ద వ్యాసార్ధం ఉన్న బంతి ఎక్కువ తిప్పుడు బలాన్ని ఆపగలదు. వ్యాసం 30 మిల్లీమీటర్ల నుంచి 36 మిల్లీమీటర్లకు పెరిగితే పట్టు సుమారు 20 శాతం పెరుగుతుంది. ఇందుకు చెల్లించే మూల్యం ఎంతో చూద్దాం: అల్యూమినియం సాంద్రతతో లెక్కిస్తే, లోపల గుల్ల లేని 30 మిల్లీమీటర్ల బంతి 38 గ్రాములు, 36 మిల్లీమీటర్ల బంతి 66 గ్రాములు తూగుతాయి. చుట్టూ ఉండే గూడు కూడా పెరుగుతుంది గనుక మొత్తం తేడా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది గాని, బంతిని చిన్నది చేసి మిగిల్చుకొనేది చాలామంది అనుకొనేంత గొప్పగా ఉండదు. మెడ విషయం ఇంకా స్పష్టం. బంతి నుంచి క్లాంప్ (ప్లేటును పట్టి ఉంచే బిగింపు) వరకు ఉండే ఆ చిన్న కడ్డీ వంగకుండా నిలిచే గుణం దాని వ్యాసం నాలుగవ ఘాతంతో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల మెడ స్థానంలో 12 మిల్లీమీటర్లది ఉంటే దృఢత్వం రెట్టింపు అవుతుంది. గాలి వీచినప్పుడు లెన్స్ కొస సన్నగా వణకడానికి బంతి జారడం కాక, మెడ సన్నగా, పొడుగ్గా ఉండడమే కారణమైన సందర్భాలు అనేకం. ప్రకటనలలో మెడ కొలత రాయరు కనుక బొమ్మలో చూసి అయినా అంచనా వేసుకోవాలి.

చిన్న సెన్సార్ కెమెరా, కిట్ లెన్స్ కలిపి కిలో లోపు తూగేవారికి 28 నుంచి 30 మిల్లీమీటర్ల బంతి చాలు. కిలో నుంచి రెండు కిలోల మధ్య ఉన్నవారు 36 మిల్లీమీటర్ల వద్ద ఆగితే మంచిది. ఆ తరగతి హెడ్లు సాధారణంగా 300 నుంచి 400 గ్రాముల మధ్య తూగుతాయి. రెండున్నర కిలోలు దాటే పరికరాలకు తేలికైన హెడ్ వెదకడం వృథా. పక్షుల ఫొటోల కోసం పెద్ద టెలిఫొటో లెన్స్‌తో పులికాట్‌కో నేలపట్టుకో వెళ్లేవారికి కావలసింది బరువైన లెన్స్‌ను సమతూకంలో ఉంచే గింబల్ హెడ్. వీడియోలే ప్రధానమైనవారికి కెమెరాను కుదుపు లేకుండా తిప్పే ఫ్లూయిడ్ హెడ్. వాటి సంగతి వేరు.

హెడ్ చేతికి వచ్చిన తరువాత చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. దుకాణంలో వీలైతే అక్కడే, ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే గడువు ముగిసేలోగా ఇంట్లో, దీన్ని తప్పకుండా చేయాలి. మీ లెన్సులలో పొడవైనదాన్ని తగిలించి, కెమెరాను కొంచెం ముందుకు వాల్చి, దూరంగా ఉన్న బోర్డు మూలనో కిటికీ మూలనో తెర మధ్యలోకి తెచ్చుకొని, లైవ్ వ్యూలో పూర్తిగా పెద్దది చేసి చూడండి. ఇప్పుడు నాబ్ బిగించి చేయి తీసేయండి. ఇక్కడ మూడు రకాల కదలికలు కనబడవచ్చు, వాటిని విడివిడిగా గుర్తించడం అవసరం. నాబ్ బిగిస్తున్నప్పుడే దృశ్యం పక్కకు జరిగితే, లోపలి బిగింపు బంతిని ఒక వైపు నుంచే నొక్కుతోందని అర్థం. కొద్దిపాటి జరుగుడు దాదాపు ప్రతి హెడ్‌లోనూ ఉంటుంది. చేయి తీయగానే లెన్స్ ఒక్కసారి కిందికి కుంగి ఆగిపోతే, అందులో కొంత భాగం ప్లేటు మీది రబ్బరు నలగడం వల్ల కావచ్చు. అది ప్రతిసారీ ఒకే మేరకు జరుగుతుంటే కాస్త పైకి గురిపెట్టి సర్దుకోవచ్చు. మూడవది, చేయి తీసిన తరువాత నిమిషం గడిచినా దృశ్యం మెల్లగా జారుతూనే ఉండడం. దీనికి సర్దుబాటు లేదు, అటువంటి హెడ్‌ను తిరిగి ఇచ్చివేయాలి.

ఈ జారుడు ఎంత ఉంటే ఎంత నష్టమో లెక్క వేస్తే, పొడవైన లెన్స్‌తోనే ఎందుకు పరీక్షించాలో తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ మీద నిలువున 4000 పిక్సెళ్లు ఉన్నాయనుకుందాం. బంతి ఒక డిగ్రీలో పదో వంతు జారితే, 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో దృశ్యం దాదాపు 7 పిక్సెళ్లు జరుగుతుంది. 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో అదే జారుడు 58 పిక్సెళ్లు అవుతుంది. గండికోట అంచున నిలబడి పెన్నా లోయను తొలి వెలుగులో 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీసేవారికి 7 పిక్సెళ్లు కూడా రాళ్ల అంచులను మసకబరుస్తాయి. టెలిఫొటో లెన్స్‌కు ట్రైపాడ్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే బిగింపు పట్టీ) ఉంటే కెమెరాను కాక ఆ కాలర్‌నే హెడ్‌కు బిగించాలి. బరువు బంతికి దాదాపు సరిగ్గా పైకి వస్తుంది, నిలువు ఫొటోకు కాలర్‌లోనే కెమెరాను తిప్పుకోవచ్చు. నిలువు ఫొటోలు ఎక్కువగా తీసేవారికి ఎల్ బ్రాకెట్ (కెమెరాను నిలువుగానే హెడ్‌కు బిగించే వీలిచ్చే ఎల్ ఆకారపు ప్లేటు) కూడా ఇటువంటి మేలే చేస్తుంది. దాని బరువు దండగ అనేవారున్నారు గాని, కెమెరాను గాడిలోకి వాల్చే అవసరమే తప్పిస్తుంది కనుక, ఒక తరగతి చిన్న హెడ్‌తో సరిపెట్టుకొనే వీలు కలుగుతుంది.

ఇక మడత. ప్రయాణపు ట్రైపాడ్‌లలో ఎక్కువ భాగం కాళ్లను వెనక్కి, పూర్తిగా పైకి తిప్పి, హెడ్ మూడు కాళ్ల మధ్య ఇమిడేలా మడిచేవే. ఆ మధ్య ఖాళీలో హెడ్ పట్టకపోతే కాళ్లు విచ్చుకొని నిలబడతాయి, సంచిలో పట్టవు, మడత పొడవు కోసం చెల్లించిన డబ్బు వ్యర్థమవుతుంది. విడిగా హెడ్ కొనేముందు పాత హెడ్ అడుగు వ్యాసం, క్లాంప్ వెడల్పు, మొత్తం ఎత్తు కొలిచి, కొత్తదాని కొలతలతో సరిచూడాలి. అన్నింటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది నాబ్. తడి చేతులతో గాని చేతి తొడుగులతో గాని తిప్పడానికి పెద్ద నాబ్ హాయిగా ఉంటుంది, కాని అదే కాలికి అడ్డు తగులుతుంది. నాబ్‌లు రెండు కాళ్ల మధ్య సందులలోకి వచ్చేలా హెడ్‌ను తిప్పి మడవగలిగితే పెద్ద నాబ్ ఉన్నా ఇబ్బంది ఉండదు. బంతిని బిగించే నాబ్, అడుగు భాగాన్ని బిగించే నాబ్ ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయన్నది అందుకే ముఖ్యం. పీక్ డిజైన్ వారి ట్రావెల్ ట్రైపాడ్ వంటి కొన్నింటిలో హెడ్ కాళ్ల నిర్మాణంలోనే కలిసిపోయి ఉంటుంది. వాటికి వేరే హెడ్ పెట్టాలంటే ప్రత్యేకమైన అడాప్టర్ కావాలి గనుక, కొనే ముందే ఆ ఉద్దేశం ఉందో లేదో తేల్చుకోవాలి.

క్లాంప్ విషయంలో ఆర్కా-స్విస్ పద్ధతిని వదలి మరొకదాని వైపు పోవలసిన అవసరం ఈనాడు కనిపించదు. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో, అంచులు ఏటవాలుగా ఉండే ఈ ప్లేట్లను అనేక సంస్థలు చేస్తున్నాయి. ప్రయాణంలో ప్లేటు పోగొట్టుకున్నా తోటివారి దగ్గర దొరికే అవకాశం ఉంటుంది. ఇప్పటికే మాన్‌ఫ్రోటో ఆర్‌సీ2 ప్లేట్లకు అలవాటు పడినవారికి, రెండు రకాల క్లాంపులకూ సరిపడే ప్లేటును ఆ సంస్థే తెచ్చింది. అయితే ఆర్కా ప్లేట్లు చేసే సంస్థలన్నీ కొలతలను వెంట్రుకవాసి తేడా లేకుండా పాటించవు. మరతో బిగించే క్లాంప్ ఆ తేడాలను సర్దుకుంటుంది. మీటతో బిగించేది వేగంగా పనిచేసినా, ఒక సంస్థ ప్లేటు వదులుగానూ మరొకదానిది అసలు మూతపడనంత బిగుతుగానూ ఉండవచ్చు. వేరువేరు సంస్థల ప్లేట్లు కలిపి వాడేవారు మర క్లాంప్‌నే ఎంచుకోవాలి. ప్లేటు అడుగున జారిపోకుండా ఆపే చిన్న మరలను మాత్రం బరువు తగ్గించే ఉత్సాహంలో తీసివేయవద్దు. వాటి బరువు ఒక గ్రాము కూడా ఉండదు, అవి కాపాడేది కెమెరాను.

హంగుల నుంచి బరువు తగ్గించవచ్చని పైన చెప్పిన మాటకు వివరణ ఇది. అడుగున తిరిగే పానింగ్ భాగానికి విడిగా బిగింపు ఉండాలి. అది లేకపోతే హోరిజాన్‌ను సరిచేసిన తరువాత కెమెరాను పక్కకు తిప్పాలంటే బంతినే వదులు చేయవలసి వస్తుంది, చేసిన పని పోతుంది. క్లాంప్ కింద రెండవ పానింగ్ భాగం ఉన్న హెడ్లు పనోరమాలకు బాగుంటాయి గాని, తరచుగా తీయనివారికి అది మోత మాత్రమే. రాపిడిని నియంత్రించే ప్రత్యేక నాబ్ బరువైన లెన్స్ ఉన్నవారికి ఉపయోగమే. కిలోన్నర లోపు కెమెరాకు, ప్రధాన నాబ్ ఒక్కసారిగా కాక క్రమంగా బిగిసేదైతే, అది లేకపోయినా లోటు తెలియదు. స్పిరిట్ లెవెల్ గురించి ఆలోచించనక్కరలేదు, ఈనాటి కెమెరా తెర మీదే అది ఉంటుంది.

బిగింపు మరలను కూడా ఒకసారి చూసుకోవాలి. కెమెరా అడుగున ఉండేది 1/4 అంగుళం మర. ట్రైపాడ్‌కు హెడ్‌కు మధ్య ఉండేది సాధారణంగా 3/8 అంగుళాలది, కాని చిన్న ట్రైపాడ్‌లలో ఇక్కడ కూడా 1/4 అంగుళమే ఉండవచ్చు. రెంటికీ మధ్య వేసే ఇత్తడి బుష్ కొద్ది రూపాయలకు దొరుకుతుంది, అయితే అది పైఅంచుతో సమంగా కూర్చోకపోతే హెడ్ అడుగు పూర్తిగా ఆనదు, ఎంత మంచి బంతి అయినా ఊగుతుంది.

బంతికి నూనెగాని గ్రీజుగాని ఎప్పుడూ పూయకూడదు. అది పట్టి ఉండేదే రాపిడితో. సముద్రతీరంలో వాడిన రోజున తడిగుడ్డతో ఉప్పును, ఇసుకను తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఇసుక రేణువులు ఉన్నట్టు అనుమానం ఉంటే తుడవక ముందు బంతిని తిప్పవద్దు, గీతలు పడతాయి. సంచిలో పెట్టే ముందు అన్ని నాబ్‌లను మామూలుగా బిగించి ఉంచాలి. వదులుగా వదిలిన నాబ్ బస్సు కుదుపులకు పూర్తిగా ఊడి వచ్చి పోయే ప్రమాదం ఉంది. ప్లేటు మరకు కావలసిన అలెన్ కీని, ట్రైపాడ్ కాలిలో దానికి చోటు లేకపోతే, కెమెరా సంచిలో బ్యాటరీలు పెట్టే అరలోనే ఉంచుకోవాలి.