పార్మిజానో చీజ్ తొక్కను పారేయకండి

పార్మిజానో రెజానో చీజ్ తురుముకోవడం అయిపోయాక మిగిలే గట్టి తొక్కను చెత్తబుట్టలో వేయకండి. ఆ చీజ్ పుట్టిన ఇటలీలోని ఎమీలియా ప్రాంతపు ఇళ్లలో నానమ్మలూ అమ్మమ్మలూ దాన్ని దాచి సూప్‌లో వేస్తారు. మెత్తబడిన తొక్క ముక్క తన గిన్నెలో పడాలని ఎదురుచూస్తూ పెరిగిన పిల్లలకు తిండి మీద జీవితాంతం ప్రేమ ఉండడంలో ఆశ్చర్యమేముంది!

ఆ తొక్క విడిగా పూసింది కాదు. పాలు, ఉప్పు, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తో చేసిన చీజే కనీసం 12 నెలలు మాగే క్రమంలో పైన ఎండి అలా గట్టిపడుతుంది. అందుకే అందులో అంత చిక్కని రుచి.

తొక్క పైభాగాన్ని కత్తితో గీకి, కడిగి, తడి తుడిచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. బీన్స్, క్యారెట్, టమాటాలతో మినెస్ట్రోనె సూప్ చేసేటప్పుడు ఒక ముక్కను మొదట్లోనే వేసి, సన్నని మంట మీద గంటసేపు ఉడికించండి. అడుగున అతుక్కుంటుంది కాబట్టి మధ్యమధ్యలో కలపాలి. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే వేయండి. తొక్కలోంచే చాలా ఉప్పు దిగుతుంది. మెత్తబడిన తొక్కను చిన్న ముక్కలుగా కోసి మళ్లీ సూప్‌లోనే వేసేయండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

మైనం పూసిన చీజ్‌లకు ఈ పద్ధతి పనికిరాదు. పార్మిజానోలో వాడే రెన్నెట్ దూడ పొట్ట నుంచి తీసినది. శాకాహారులు అలాంటి రెన్నెట్ లేని, మైనం పూయని గట్టి చీజ్ తొక్కతో ఇదే చేసుకోవచ్చు.