కోళ్లు లేని ఇంటికి నూకలు

"అక్కా, నూకలున్నయా? కోళ్లకు."

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఒకామె వచ్చి అడిగింది. రెండు కిలోలు తూచి ఇచ్చాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, మళ్లీ కోళ్లకే. ఆమె ఉండేది మా వెనక వీధిలో, మూడో అంతస్తు మీద రేకుల గదిలో. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు పడుకుంటే కాళ్లు చాపుకోవడానికి చోటుండదు, ఇంక కోళ్లెక్కడ? ఆ సంగతి నా బుర్రకెక్కేసరికి నాలుగోసారి నూకలు తూచేశాను.

హైదరాబాద్ జగద్గిరిగుట్టలో 19 ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు నా గిరాకీ. వీళ్లలో ఎవరూ చేయి చాచరు. అద్దె కడతారు, పిల్లలకు తల దువ్వి బడికి పంపిస్తారు, పండక్కి గుమ్మం ముందు ముగ్గు వేస్తారు. లోపల పప్పు డబ్బా మాత్రం ఖాళీ. మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఉండే ఉంటుంది. దాన్ని ఎలా గుర్తుపట్టాలి, వాళ్లు తల దించుకోకుండా ఏం చేయొచ్చు అన్నది నేను కొంత తప్పులు చేసి నేర్చుకున్నాను.

ఎక్కడ కనిపిస్తుంది

నాకు కనిపించేది ఖాతా పుస్తకంలో. లీటరు నూనె ప్యాకెట్ కొనే ఇల్లు అర లీటరుకు దిగుతుంది. తర్వాత "ఇరవై రూపాయల నూనె పోయి అక్కా" అంటూ సీసా వస్తుంది. కందిపప్పు పోయి పెసరపప్పు, అదీ పోయి ఉట్టి చింతపండు. గుడ్లు డజను నుంచి రెండుకు వస్తాయి. ఆ రెండూ పిల్లలకే. చివరి మెట్టు మీద తల్లి దుకాణానికి రావడం మానేస్తుంది. బాకీ ఉంది కదా, మొహం చూపించలేదు. చీటీ రాసి పిల్లను పంపుతుంది. పిల్ల చేతిలో చెమటకు తడిసిన పది రూపాయల నోటు, చీటీలో అయిదు వస్తువులు. అలాంటి చీటీ చూస్తే నాకిప్పటికీ గుండె జారుతుంది.

దుకాణం లేనివాళ్లకు కూడా ఆనవాళ్లుంటాయి. నెలాఖరులో గ్యాస్ అయిపోయి రాత్రిపూట టీ, బిస్కెట్లతో సరిపెట్టుకోవడం. చుట్టాలు వస్తున్నారంటే కంగారు పడటం. స్కూల్లో సోమవారం మధ్యాహ్నం రెండోసారి, మూడోసారి అన్నం అడిగే పిల్లవాడు. మీ ఇంట్లో పనిచేసే ఆమె మీరిచ్చిన టిఫిన్ అక్కడ తినకుండా మూటగట్టుకుపోవడం. వీటిలో ఏ ఒక్కదాన్నో చూసి తీర్పు చెప్పేయకండి. రెండు మూడు కలిస్తే మాత్రం కాస్త దగ్గరగా చూడండి.

"తిన్నారా?" అని అడగొద్దు

మనకు అది నమస్కారం లాంటిది. పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగి ఉన్నా సరే, దానికి జవాబు "ఆ, తిన్నం" తప్ప ఇంకోటి రాదు. నేను "ఏం కూర చేసినవ్?" అని అడుగుతాను. కూర విషయంలో నాకు అబద్ధం చెప్పడం కష్టం, కూరగాయలు కొనేదీ నా దగ్గరే. "పచ్చడుంది" అని ఒక రోజు అంటే మామూలే. వారంలో నాలుగు రోజులు పచ్చడే అంటే ఆ ఇంట్లో ఏదో జరిగింది. ఉద్యోగం పోయిందా, జబ్బు చేసిందా, వడ్డీవాడు పట్టుకున్నాడా అన్నది తర్వాత అదే బయటికొస్తుంది, మనం గుచ్చి అడగక్కర్లేదు.

ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఆకలిని కొలవడానికి ఎనిమిది ప్రశ్నలు వాడుతుందని మా అమ్మాయి ఫోన్లో చూపించింది. మొదటిది, తిండికి సరిపోదేమోనని దిగులు పడ్డారా. ఆఖరిది, రోజంతా తినకుండా ఉన్నారా. మధ్యలో రకాలు తగ్గడం, పూట మానడం వంటివి. నా ఖాతా పుస్తకం కూడా దాదాపు ఇదే వరసలో మెట్లు దిగుతుంది. ఆ మొదటి ప్రశ్న దగ్గరే పట్టుకోగలిగితే పని సగం అయినట్టే.

హక్కుగా రావాల్సింది ముందు ఇప్పించండి

మూట కట్టి ఇచ్చే ముందు ఈ పని చేయండి. మీరిచ్చే మూట ఒక నెల వస్తుంది, ఇది ఏళ్ల తరబడి వస్తుంది.

తెలంగాణలో రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. అతి పేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో చాలామంది అమ్ముకునేవాళ్లు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం వస్తుండటంతో వండుకుంటున్నారు. ఇక్కడ చూడాల్సింది పేర్లు. నూకల ఆమె ఇంట్లో నలుగురుంటే కార్డులో ఇద్దరే ఉన్నారు. పిల్లల పేర్లు ఎక్కించనే లేదు. నెలకు 12 కిలోలు పోతున్నట్టు. మీసేవకు వెళ్లి దరఖాస్తు చేయించాలంటే సగం రోజు పని పోతుంది, ఆ కూలి పోగొట్టుకోలేకే ఏళ్లు గడిపారు. నేను ఆమె పిల్లల్ని నా దుకాణంలో కూర్చోబెట్టుకున్నాను, అంతే నా సాయం.

ఈ-కేవైసీ, అంటే కార్డులో ఉన్న ప్రతి మనిషినీ ఆధార్‌తో సరిచూడటం, అయిందో లేదో కూడా అడగండి. సిమెంటు పని, గిన్నెలు తోమే పని చేసేవాళ్లకు వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోదు. అప్పుడు కంటిపాపతో చూడమని డీలర్‌ని అడగాలి, చాలామందికి ఆ సంగతి తెలియక వెనక్కి వచ్చేస్తారు. పని జరక్కపోతే పౌర సరఫరాల శాఖ 1967 నంబరుకు ఫోన్ చేయొచ్చు. శ్రీకాకుళం నుంచో ఒడిశా, బిహార్ నుంచో వచ్చినవాళ్లు "మా కార్డు ఊర్లో ఉంది" అంటారు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డయితే దాని మీద ఇక్కడి రేషన్ షాపులోనే బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ముసలివాళ్లుంటే వాళ్ల వాటా అక్కడ, వీళ్ల వాటా ఇక్కడ.

గర్భిణి, బాలింత, ఆరేళ్లలోపు పిల్లలు ఉంటే అంగన్‌వాడీ. దానికి రేషన్ కార్డుతో పనిలేదు. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికే బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు అంగన్‌వాడీ ఎక్కడుందో కూడా తెలియదు. మొదటిసారి మీరే వెంట తీసుకెళ్లండి.

బియ్యం ఉంది కదా, ఇంకేంటి?

ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న. నలుగురికి 24 కిలోలు వచ్చినా, మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో 20వ తేదీకల్లా అయిపోతుంది. పైగా ఉట్టి అన్నంతో కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 85 గ్రాముల పప్పుదినుసులు ఉండాలంటుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో పిల్లల్ని సగం లెక్కేసినా నెలకు ఏడున్నర కిలోలు. బాగా గడిచే ఇళ్లే నా దగ్గర నాలుగు కిలోలు కొంటాయి. నూకల ఆమె ఆ నెల కొన్నది అరకిలో.

కాబట్టి మీరు సామాను ఇస్తే బియ్యం వద్దు. కందిపప్పు రెండు కిలోలు, నూనె రెండు లీటర్లు, ఒక ట్రే గుడ్లు, కిలో పల్లీలు, చింతపండు, కారం, ఉప్పు. పల్లీలు ఎందుకంటే గ్యాస్ లేకపోయినా తినొచ్చు. సబ్బులు, ప్యాడ్లు కూడా పెట్టండి. వాటికయ్యే డబ్బులు కూరగాయల డబ్బుల్లోంచే పోతాయి. మీ ఇంట్లో పురుగు పట్టిన రవ్వ, తేదీ దాటిన నూడుల్స్ మాత్రం పెట్టొద్దు. అలాంటి మూటలు నేను కళ్లారా చూశాను. ఫంక్షన్‌లో మిగిలింది పంచాలనుకుంటే ఎండాకాలంలో గంటలోపే పంచండి, పెరుగన్నం, మాంసం అసలు సాయంత్రం దాకా ఉంచొద్దు.

మేం చేసిన తప్పు

2020 లాక్‌డౌన్‌లో మా వీధి కుర్రాళ్లు, నేనూ కలిసి 40 సంచులు పంచాం. సంచి ఇస్తూ ఫోటో, వాట్సాప్‌లో స్టేటస్. అందులో ఒక లారీ క్లీనర్ కుటుంబం ఉంది. ఆ తర్వాత వాళ్లు నా దుకాణం గుమ్మం ఎక్కలేదు. రెండు వీధులు దాటి వేరే కొట్టుకు పోయేవాళ్లు. నాకు 1,400 బాకీ. నాలుగు నెలల తర్వాత వాళ్ల అబ్బాయి వచ్చి మొత్తం లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టి, "అమ్మ కొట్టేయమంది" అన్నాడు. గీత కొట్టాను. వాడు ఆ గీత చూసేదాకా కదల్లేదు. ఆ రోజు నుంచి ఫోటోలు బంద్.

వీధి చీటీ

తర్వాత కుదిరిన పద్ధతి ఇది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ "నెలకు 500 ఇస్తాను, ఎవరికైనా సామాను ఇవ్వు" అంది. మెల్లగా ఎనిమిది ఇళ్లయ్యాయి. నెలకు 4,000. దాన్ని నాలుగు ఖాతాల్లో తలా వెయ్యి జమ రాస్తాను. ఎవరి ఖాతాలో వేశానో డబ్బులిచ్చినవాళ్లకు చెప్పను. టీచరమ్మ మొదట్లో పేర్లు అడిగింది, కొంచెం అలిగింది కూడా. నెలాఖరుకి ఎంత పప్పు, ఎన్ని గుడ్లు పోయాయో కాగితం మీద రాసిస్తాను, అంతవరకే.

తీసుకునేవాళ్లతో అబద్ధం చెప్పొద్దు. మొదట్లో "కంపెనీ స్కీమ్" అని చెప్పి దొరికిపోయాను, పక్కింటామె వచ్చి "నాకేది స్కీమ్?" అంది. ఇప్పుడు ఉన్నదే చెబుతాను: "మన వీధిల చీటీ ఉంది. కష్టమొచ్చినోళ్లు వాడుకోవాలె, వీలైనప్పుడు వెయ్యాలె. పోయిన నెల వేరేటోళ్లు వాడుకున్నరు." చీటీ మనకు కొత్తది కాదు కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోరు. కొందరు తర్వాత 20, 50 తెచ్చి వేస్తారు. వేయనివాళ్లను అడగను. ఏం కొనాలో వాళ్ల ఇష్టం. ఒకామె వెయ్యిలో 60 రూపాయలకు పిల్లకు చాక్లెట్లు కొంది, పుట్టినరోజట. తూచి ఇచ్చాను.

"ఆ మొగుడు తాగుతాడు, వాళ్లకెందుకు?" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. తాగింది పిల్లలు కాదు కదా. డబ్బు చేతికివ్వం, సామానే ఇస్తాం అని చెప్పి ముందుకు పోవడమే.

మీరు మొదలుపెట్టాలంటే సంఘం, రసీదు పుస్తకం ఏమీ వద్దు. మీ వీధి చివర అప్పు ఇచ్చే దుకాణానికి జనం లేని మధ్యాహ్నం పూట వెళ్లండి. "ఎవరి ఖాతా మొయ్యలేనంత అయింది?" అని అడిగితే దుకాణంవాడు ముందు అనుమానంగా చూస్తాడు, పేర్లు చెప్పడు. చెప్పకపోతేనే మంచి దుకాణం. 500 పెట్టి, "వాళ్ల బాకీలో కొట్టెయ్యి, నా పేరు చెప్పకు" అని వచ్చేయండి. ఏప్రిల్ చివర్లో అయితే వెయ్యి చేయండి. జూన్ రెండో వారం దాకా బడులుండవు, మధ్యాహ్న భోజనమూ ఉండదు. ఆ ఏడు వారాలు నా దగ్గరికి సామాన్ల చీటీలు తెచ్చే పిల్లలు ఎక్కువవుతారు.

నూకల ఆమె ఇప్పుడొక హాస్టల్లో వంట పనికి వెళ్తోంది. పిల్లల పేర్లు కార్డులో ఎక్కాయి. నూకలు ఇంకా కొంటుంది. మొన్న వచ్చి, "రెండు కిలోలియ్యి అక్కా, ఉప్మాకు" అంది.