తుపాన్లకు ముందే: మెయిల్ సర్వర్‌కు టేప్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లకు

2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. బరంపురం, పర్లాకిమిడిల్లో యూనిక్స్ మెయిల్ సర్వర్ నడిపేవాళ్లు ఇప్పుడే చూసుకోండి:

– ముందు వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. బ్యాకప్ ‘ఓకే’ అన్నంత మాత్రాన మెయిల్ తిరిగొచ్చినట్టు కాదు.

– కేటలాగ్ పోతే? బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏ ఫైలు ఏ టేపులో ఉందో ఒక డేటాబేస్‌లో రాసుకుంటుంది, అదే కేటలాగ్. అది సర్వర్‌తోపాటే మునిగితే బాక్యులాతో వచ్చే బీస్కాన్ టూల్‌తో టేపులన్నీ మళ్లీ చదివించాలి. రీస్టోర్‌కు ఏ టేపులో ఎక్కడ చదవాలో చెప్పే బూట్‌స్ట్రాప్ ఫైలు సర్వర్ బయట దాచండి. అమాండా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో టార్‌తో తీసిన బ్యాకప్ అయితే యూనిక్స్‌లో మామూలుగా ఉండే డీడీ, టార్ కమాండ్లు చాలు, తిరిగి తీసుకునే కమాండ్ కూడా టేపులో బ్యాకప్‌కు ముందుండే హెడర్‌లోనే ఉంటుంది. నా ఓటు అమాండాకే.

– మెయిల్స్ దాచేది ఎంబాక్సా (అన్నీ ఒకే ఫైలులో), మెయిల్‌డిరా (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు)? ఎంబాక్స్‌లో ఒక్క మెయిల్ చేరినా ఇంక్రిమెంటల్‌లో (మారిన ఫైళ్లనే తీసే బ్యాకప్) ఫైలంతా మళ్లీ ఎక్కుతుంది.

– ఎల్‌టీఓ (బ్యాకప్ టేపుల్లో ఒక రకం) ఎనిమిదో తరం, అంటే ఎల్‌టీఓ-8 డ్రైవ్, ఎల్‌టీఓ-6 టేపులు చదవదు. పాత డ్రైవ్ అమ్మేయకండి.

– ఒక సెట్ టేపులు కోరాపుట్ వైపు, కొండమీదికి పంపండి.