బొమ్మ రైలు పట్టాలకు కరెంటు ఇవ్వడం ఎలా?

కావలి మీదుగా వెళ్లే అసలు రైలింజను పైనున్న తీగ నుంచి 25,000 వోల్టులు అందుకుని, పట్టాల ద్వారా తిరిగి పంపుతుంది. మన హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు) ఇంజనుకు పైన తీగ ఉండదు. 12 వోల్టుల డీసీని ఒక పట్టా నుంచి తీసుకుని రెండో పట్టాకు అప్పగిస్తుంది.

నేను 8×4 అడుగుల ప్లైవుడ్డు మీద, నెల్లూరు–పడుగుపాడు మధ్య ఉన్న పెన్నా వంతెనను తలచుకుంటూ కోడిగుడ్డు ఆకారంలో మార్గం వేశాను. నెల్లూరు వైపు ఉరికే ఇంజను వంతెన దాటేసరికి ఆయాసపడేది. అడాప్టరు చాలడం లేదనుకుని పెద్దది కొన్నాను. దండగ ఖర్చు! పట్టాలను కలిపే చిన్న జాయినర్లలోనే లోపముంది. మా తీరపు ఉప్పుగాలికి అవి తొందరగా చిలుము పడతాయి. పట్టాలను వరసలో నిలపడానికే వాటిని నమ్మండి, కరెంటుకు కాదు.

1. ముందు రంగులు తేల్చుకోండి. బయటి పట్టాకు ఎరుపు, లోపలి పట్టాకు నలుపు. మధ్యలో ఎక్కడ మారినా షార్టే.

2. బల్ల కింద, పట్టాల వెంబడే రెండు రాగి వైర్లు నడపండి. ఇంటి వైరింగుకు వాడే 1.5 ఎంఎం వైరు చాలు. ఇది పెద్ద కాలువ. దీని నుంచి మీటరుకు ఒక జత చొప్పున సన్నని వైర్లను పిల్ల కాలువల్లా పైకి తీసి పట్టాలకు అతకాలి. చివరి మడికి నీళ్లు ఎందుకు అందవో తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

3. టంకం వేసేటప్పుడే ఓపిక కావాలి. పట్టా బయటి పక్కను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. లోపలి పక్క చక్రం అంచు తిరిగే చోటు, అక్కడ టంకం వేస్తే బండి పట్టాలు తప్పుతుంది. రోజిన్ ఉన్న టంకమే వాడండి. యాసిడ్ పేస్టు తరవాత లోహాన్ని తినేస్తుంది. బాగా వేడెక్కిన టంకం ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి, పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అతుకుకు రెండు పక్కలా తడి దూది పెడితే వేడి పాకదు.

4. ఒక్కో జత అతికాక మల్టీమీటరును బీప్ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగే సెట్టింగు) మీద పెట్టి, రెండు పట్టాల మధ్య చూడండి. ఇంజను, పెట్టెలు అప్పుడు పట్టాల మీద ఉండకూడదు. బీప్ వస్తే ఇప్పుడతికిన జతలోనే తప్పుంది. అన్నీ అతికాక వెతకడం నరకం.

5. పెద్ద వైర్ల కొసలను, ఇంజను వేగాన్నీ దిశనూ మార్చే కంట్రోలరుకు కలపండి. గోడ ప్లగ్గుకూ పట్టాలకూ మధ్య మంచి అడాప్టరు, కంట్రోలరు తప్పనిసరి. ఇంటి 230 వోల్టులు బల్ల దాకా రాకూడదు. దిశ మార్చే స్విచ్చు పట్టాల్లో ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తుంది, అంతే.

రైలు తలతిప్పుకుని, తాను వచ్చిన పట్టా మీదకే చేరే లూప్ వేయాలనుకుంటే ఎరుపు వెళ్లి నలుపును తాకుతుంది. ఆ ముక్కకు రెండు చివరలా, రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి, వేరే స్విచ్చుతో కరెంటు ఇవ్వాలి. మొదటి బల్లకు ఆ జోలికి పోవద్దంటాను.

ఇక పరీక్ష. ఖాళీ పట్టాల మీద మీటరు పెడితే అన్ని చోట్లా దాదాపు 12 వోల్టులే చూపిస్తుంది. నన్ను మోసం చేసింది అదే. ఇంజను నడుస్తుండగా కంట్రోలరు దగ్గర ఒకసారి, ఇంజను పక్కన ఒకసారి కొలవండి. తేడా అర వోల్టు దాటిందంటే దగ్గర్లో ఇంకో జత అతకండి. నాకు వంతెన అవతల ఒక్క జతతో సరిపోయింది.