ఇటలీలోని మోదెనాకి కొత్తగా వచ్చారా? బాల్సమికో జోలికి వెళ్లే ముందు

చింతపండు దొరకలేదని బాల్సమికోను, అంటే ఇక్కడి ద్రాక్షరసపు వెనిగర్‌ని, చారులో పోయడం ఇక ఆపండి. అది తియ్యటిది. చారూ పోతుంది, డబ్బూ పోతుంది. పులుపు కావాలంటే నిమ్మకాయ పిండుకోండి. బాల్సమికోతో బాల్సమిక్ ఉప్పు చేసుకోండి, ఎలాగో చెప్తాను.

కొనేటప్పుడు ముద్ర చూడండి. ‘త్రదిజియొనాలే’, డి.ఓ.పి. (పుట్టినచోటుకి హామీ ఇచ్చే ముద్ర) అని ఉన్నదాంట్లో కాచిన ద్రాక్షరసం తప్ప ఇంకేమీ ఉండదు. వరసగా పేర్చిన చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు మాగుతుంది, 25 దాటితే బాగా పాతదని ‘ఎక్‌స్ట్రావెక్కియో’. 100 మిల్లీలీటర్ల బుడ్డికే బోలెడు యూరోలు. ఐ.జి.పి. ముద్ర వేరు, నియమాలు కాస్త సడలించిన ప్రాంతపు ముద్ర అది: ద్రాక్షరసంలో వైన్ వెనిగర్ కలుస్తుంది, 60 రోజులు చాలు, రంగుకి కారమెల్ కూడా వేయొచ్చు. ‘గ్లాస్సా’ అనే చిక్కటి బాల్సమికో సాస్ అయితే అసలు ముట్టుకోకండి.

ఇక బాల్సమికో పట్టించిన ఉప్పు చేయడం. ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఈ ప్రాంతానిదే చెర్వియా ఉప్పు, గళ్లుప్పు రకం తీసుకోండి, మెత్తటిదైతే బురదవుతుంది. 100 గ్రాముల ఉప్పుకి త్రదిజియొనాలే రెండు టీస్పూన్లు, అంతే. రంగు చాల్లేదని ఇంకో స్పూను పోశారో, ఆ తడికి గళ్లు కరిగి, ఆరాక గడ్డకడతాయి. ఐ.జి.పి. నీళ్లగా ఉంటుంది కాబట్టి ముందు 100 మిల్లీలీటర్లని సన్నసెగ మీద 30 మిల్లీలీటర్లు అయ్యేదాకా మరగనిచ్చి, చల్లార్చి, అందులోంచి రెండు టీస్పూన్లు వాడండి. కిటికీ తెరవండి, ఆవిరికి కళ్లు మండుతాయి. త్రదిజియొనాలేని మాత్రం మరిగించకండి బాబూ! అన్నేళ్ల వాసన ఆవిరితో పోతుంది.

చేత్తో కలిపి, గింజ గింజకీ పట్టాక, బేకింగ్ కాగితం మీద పల్చగా పరవండి. ఓవెన్ 50, 60 డిగ్రీలు దాటకూడదు. తలుపు సందులో చెక్క గరిటె పెట్టండి, తేమ బయటికి పోవాలి. ఇరవై నిమిషాలకోసారి కలుపుతూ గంటన్నర. తొందరపడి 150కి పెడితే చక్కెర మాడి చేదెక్కుతుంది, ఆ చేదుకి మందు లేదు.

ఎంత ఆరబెట్టినా కాస్త జిగురు ఉంటుంది. ద్రాక్ష చక్కెర గాలిలో తేమ లాగుతుంది, పైగా ఇక్కడి చలికాలపు పొగమంచు సంగతి తెలిసిందే. గాజు సీసాలో నాలుగు బియ్యపు గింజలు వేసి బిగించండి. గడ్డకట్టినా పారేయకండి, చెంచాతో గీకితే సరిపోతుంది. పాడవదు లెండి. ఉడికించిన గుడ్డు మీదా, టమాటా ముక్కల మీదా తినే ముందే చల్లుకోండి.