కవర్ సాంగ్ చేయాలంటే ముందు ట్రాక్ ఆపేయండి

కరావోకే ట్రాక్ పెట్టుకుని, అసలు గాయకుడు ఊపిరి తీసుకున్న చోటే మనమూ తీసుకుంటూ పాడితే అది అనుకరణ. తప్పేం లేదు, సాధనకి మంచిదే, కానీ నేను దాన్ని కవర్ అనను. కవర్ అంటే వేరేవాళ్ల పాటని మన పద్ధతిలో మళ్లీ పాడటం. కవర్ చేయాలంటే పాట వేరు, రికార్డింగ్ వేరు అని ముందు ఒప్పుకోవాలి. సాహిత్యం, ట్యూన్ కలిస్తే పాట. ఆ బీట్, ఆ వాద్యాలు, ఆ గొంతు, ఇవన్నీ ఒక రోజు ఒక స్టూడియోలో కుదిరినవి, అంతే.

అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడింగ్ తాను రాసుకున్న ‘రెస్పెక్ట్’ని 1965లో పాడినప్పుడు అది ఇంటికొచ్చిన మగాడు తన ఆవిడని మర్యాద అడిగే పాట. 1967లో గాయని అరెతా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడమనిషి వైపు నుంచి పాడింది, ఆ మాటని అక్షరం అక్షరంగా పలికే ముక్క కూడా ఆవిడ వెర్షన్‌లో వచ్చిందే. ఇప్పుడు చాలామందికి అది ఆవిడ పాటే. ఎవరు ఎవరితో అంటున్నారన్నది మారితే చాలు, పాట అర్థమే తిరగబడుతుంది.

సరే, ఎలా చేయాలి? ముందు ఉన్నదున్నట్టు నేర్చుకోండి, సంగతులతో (గాయకుడు ట్యూన్‌లో వేసే చిన్న చిన్న మలుపులతో) సహా. ఆ తర్వాత కొన్నాళ్లు ఒరిజినల్ వినడం మానేసి, ఒక్క గిటారో కీబోర్డో పెట్టుకుని పాడి, ఫోన్‌లో రికార్డ్ చేసి, పోల్చి చూడండి. తేడా వచ్చిన చోట్లలో కొన్ని ఉట్టి తప్పులు, కొన్ని మాత్రం మీవి. వాటిని ఉంచుకోండి.

శ్రుతి మీ గొంతుకి తగ్గట్టు మార్చుకోండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. పల్లవి హాయిగా ఉంది కదా అని ఆ శ్రుతిలోనే మొదలెట్టేస్తే చరణంలో పైకి వెళ్లినప్పుడు గొంతు చీరుకుపోతుంది, అందుకే అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందో చూసి అక్కడి నుంచి లెక్క వేసుకోవాలి. టెంపో (పాట వేగం) మారిస్తే ఇంకో చిక్కు: నిమిషానికి 120 బీట్లలో ఉన్న పాటని 80కి దించితే లైను చివర సాగదీసే అక్షరం ఒకటిన్నర రెట్లు పొడుగవుతుంది, ఊపిరి చాలదు, మధ్యలో ఖాళీలు తేలిపోతాయి. ఆ ఖాళీలో ఏం చేస్తారన్నదే మీ అరేంజ్‌మెంట్. అన్నీ ఒకేసారి మార్చేయకండి, జనం పాటని గుర్తుపట్టే ఆ ఒక్క లైను ట్యూన్ మాత్రం అసలు కదపకండి.

ఇక హక్కుల గొడవ. రికార్డింగ్ మీద ఒక హక్కు, సాహిత్యం-ట్యూన్ మీద ఇంకోటి. వాద్యాలన్నీ మీరే వాయించుకుంటే మొదటిదానితో పని లేదు గానీ రెండోది అలాగే ఉంటుంది. ఆడియో విడుదల చేయడానికి ఒక లైసెన్సు, వీడియోకి మామూలుగా ఇంకో రకం అనుమతి కావాలి, సాహిత్యం మార్చాలంటే అది మళ్లీ వేరే. యూట్యూబ్‌లో ఆ పాట తమదని హక్కుదారు క్లెయిమ్ వేస్తే చాలాసార్లు వీడియో ఉంటుంది, యాడ్ డబ్బులు హక్కుదారుకి పోతాయి, కానీ వాళ్లు తలుచుకుంటే బ్లాక్ కూడా చేయొచ్చు. “హక్కులన్నీ వాళ్లవే” అని కింద రాసేస్తే అనుమతి వచ్చినట్టు కాదు. అలా రాసేవాళ్లలో చాలామంది గాయకుడి పేరొక్కటే వేస్తారు. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ఎవరో కనుక్కుని ముందు వాళ్ల పేర్లు వేయండి, మీరు వాడుకుంటున్నది వాళ్ల పని.