ప్రేమకథలు, మాయల కథలు నలుగురితో కలిసి చదవడం ఎలా

కాశీమజిలీ కథల్లో పశువులకాపరి గోపడు, కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడికి ఒక షరతు పెడతాడు. కాశీ దాకా వెంట వస్తాను గానీ, దారిలో నేను చూసిన వింత గురించి మజిలీ మజిలీకీ అడుగుతాను, దానికి నువ్వు కథ చెప్పాలి అని. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల పుస్తకాన్ని ఈ ఒక్క ఏర్పాటు మీద నడిపించారు. ప్రేమ నవలలూ ఫాంటసీలూ ఇష్టపడేవాళ్ళు కలిసి చదవాలనుకుంటే ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు. కొంత దూరం నడవాలి, ఆగాలి, చూసినదాంట్లో ఒక్క వింత గురించి అడగాలి. పుస్తకం మొత్తం చదివొచ్చి ఒక్కపూటలో "బాగుంది, బాగోలేదు" అని తేల్చేసుకునే కూటాలు మూడో నెలకే చల్లబడతాయి. ఈ రెండు రకాల కథల్లోనూ రుచంతా "తర్వాత ఏమవుతుందో" అన్న ఆరాటంలోనే ఉంటుంది కదా. చివరి పేజీ దాటాక దాన్ని పంచుకుందామంటే ఇంకేం మిగులుతుంది?

మనుషులు ఆరుగురి నుంచి ఎనిమిది మంది చాలు. నలుగురే అయితే ఒకరికి జ్వరం, ఇంకొకరింట్లో పెళ్ళి వచ్చిన వారం ఇద్దరే మిగులుతారు. పది దాటితే గంటన్నరలో అందరికీ వంతు రాదు. వంతు రానివాళ్ళు రెండు వారాలు చూసి, మూడో వారం "కొంచెం పనుందండీ" అంటారు. ప్రేమకథల వైపు, ఫాంటసీ వైపు కనీసం ఇద్దరేసి ఉండేలా చూసుకోండి. ఒక పక్షాన ఒక్కరే ఉంటే ఆ మనిషి వారం వారం తన ఇష్టానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. "ఇవి కూడా సాహిత్యమేనా" అని మూతి విరిచే పెద్దమనిషిని మాత్రం మొహమాటానికి కూడా పిలవకండి. ఆయన ఒక్క మాటతో మిగతా ఏడుగురూ తాము ఎందుకు మురిసిపోయారో చెప్పడం మానేసి, సమర్థించుకోవడం మొదలుపెడతారు.

మొదటి కూటానికి పుస్తకమే వద్దు

బాలనాగమ్మ కథ పెట్టుకోండి. అందరికీ ఎంతో కొంత తెలిసిందే కాబట్టి "నేనింకా పూర్తి చేయలేదండీ" అనే మాటకి తావుండదు. ఒకరు పది నిమిషాల్లో కథ గుర్తు చేయాలి: మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి తీసుకుపోవడం, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళని రాళ్ళు చేసేయడం, ఆమె వ్రతం పేరు చెప్పి అతన్ని ఏళ్ళ తరబడి దూరం పెట్టడం, కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై బయలుదేరడం, సముద్రాల అవతల చిలకలో ఫకీరు ప్రాణం. ఇక అందరికీ ఒకటే ప్రశ్న. ఫకీరు తన ప్రాణం ఎక్కడుందో ఆమెకి ఎందుకు చెప్పాడు?

ఫాంటసీవాళ్ళు ముందు మాయ లెక్క తీస్తారు. ప్రాణం ఒంట్లో లేదు కనక కత్తికి భయపడక్కర్లేదు. కానీ అది తన గుప్పిట్లోనూ లేదు కనక దూరం కావాలి, కాపలా కావాలి, అన్నిటికన్నా ముందు రహస్యం కావాలి. ప్రేమకథలవాళ్ళు వేరే వైపు నుంచి వస్తారు. అంతమందిని రాళ్ళు చేయగలిగినవాడు ఆమె మనసుని మాత్రం కదపలేకపోయాడు. తనంతట తను ఒప్పుకుంటుందని కాచుక్కూర్చున్నాడు. ఆమె ఒక్కసారి ఆప్యాయంగా అడిగేసరికి ఆ ఆశే అతని నోరు జార్చింది. అంటే ఎంత పకడ్బందీ మాయకైనా గండి పడేది మనసు దగ్గరే. రెండు పక్షాలూ కలిసే గుమ్మం ఇది. ఇరవై నిమిషాలు ఈ ఒక్క ప్రశ్న మీద మాట్లాడుకున్నవాళ్ళకి, తర్వాత ఏ పుస్తకం పట్టుకున్నా ఎక్కడ ఆగాలో, ఏం అడగాలో చెప్పక్కర్లేదు.

పుస్తకం ఖాయం చేసే ముందు ప్రతులు లెక్కపెట్టండి

ఎక్కువ కూటాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. అందరూ ఉత్సాహంగా ఒక పాత నవల పేరు అనుకుంటారు, తీరా చూస్తే ఉన్నది ఒక్క ప్రతి. ఎనిమిది మందికి కనీసం నాలుగు ప్రతులు, అంటే ఇద్దరికొకటి, చేతికి వచ్చాకే పేరు ప్రకటించండి. పాతవాటికి హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలు, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం, ఊళ్ళో ఇంకా తెరిచి ఉన్న అద్దె పుస్తకాల షాపు ఏదైనా ఉంటే అదీ చూడాలి. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన జానపద సీరియళ్ళు విడి పుస్తకాలుగా వచ్చాయి. పిల్లలకీ పెద్దలకీ కలిపి చదవడానికి అంత నున్నగా నడిచే తెలుగు ఫాంటసీ దొరకడం కష్టం.

పీడీఎఫ్ పంపేసుకుంటే పోలేదా అంటారు ఎవరో ఒకరు. మన దేశంలో కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. అడివి బాపిరాజు 1952లో పోయారు కాబట్టి ఆయన నవలలు 2013 నుంచి అందరివీ. శాతవాహనుల కాలంలో నడిచే ‘హిమబిందు’లో ప్రేమా ఉంది, విషకన్యా ఉంది. పాత పుస్తకాలు ఉచితంగా ఉంచే తెలుగు వికీసోర్స్ సైటులో హాయిగా చదువుకోవచ్చు. అయితే పొడుగు పుస్తకం, భాష కాస్త నిదానంగా నడుస్తుంది. మూడోదిగానో నాలుగోదిగానో పెట్టుకోండి. యద్దనపూడి సులోచనారాణి 2018లో పోయారు. ఆమె నవలల స్కాన్లు పంచుకోవడం 2078 చివరిదాకా దొంగతనం కిందే లెక్క. కొనండి, లేదా ఒక్క ప్రతిని చేతులు మార్చుకోండి.

మొదటి పుస్తకం 200 పేజీలు దాటకూడదు. 180 పేజీల నవలని ఐదు మజిలీలు చేయొచ్చు. అలాగని 36 పేజీల చొప్పున కొలిచి కోయకండి. ఫాంటసీ అయితే మొదటి మజిలీ చిన్నది, 25 పేజీలే ఉండాలి. రాజ్యాల పేర్లు, వంశాలు, మంత్రాల నియమాలు అన్నీ అక్కడే మీద పడతాయి. ఒకరు ఆ పేర్లన్నీ అరఠావు మీద రాసి ఫోటో తీసి అందరికీ పంపితే సగం మంది మధ్యలో మానేయకుండా ఉంటారు. ప్రేమ నవలైతే దీనికి తిరగేసి, చివరి మజిలీని చిన్నది చేయండి. ఆఖరి 40 పేజీల ముందు ఆగమంటే ఆగే మనిషి ఇంకా పుట్టలేదు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలైతే కోత పని రచయితే చేసి పెట్టి ఉంటారు. తలుపు చప్పుడయిందనో, ఉత్తరం విప్పగానే మొహం పాలిపోయిందనో ఒక భాగం ముగిసిందంటే, అక్కడ ఒకప్పుడు "సశేషం" ఉండేదన్నమాట. ఆ పాత అతుకు దగ్గరే మీరూ ఆగండి.

పేజీ నంబర్లు చెప్పుకుంటే గొడవే. ఒకే నవల ఒక ముద్రణలో 212 పేజీలుంటే ఇంకో ముద్రణలో 176 ఉండొచ్చు. "84 దాకా చదవండి" అన్నారంటే ఇద్దరు తెలియకుండానే కథ దాటేసి వస్తారు. అధ్యాయం నంబరు చెప్పండి. అధ్యాయాలు లేకుండా నడుమ మూడు చుక్కలు మాత్రమే ఉండే పుస్తకమైతే, ఆపాల్సిన భాగంలోని ఆఖరి వాక్యం మొత్తం రాసి పంపండి.

కూర్చున్న గంటన్నర

ముందుగా "జరిగిన కథ". చందమామ సీరియళ్ళకి పైన నాలుగైదు వాక్యాల్లో వేసేవాళ్ళే, అలా. వారానికి ఒకరి వంతు. ఐదు వాక్యాలే, కాగితం మీద రాసుకొచ్చి చదవాలి. నోటితో చెప్పమంటే పదిహేను నిమిషాలు తినేస్తారు, పైగా చెప్పకూడనిది చెప్పేస్తారు. ఆ వారం చదవకుండా వచ్చినవాళ్ళు కూడా ఈ ఐదు వాక్యాలతో కూర్చోగలుగుతారు, అందుకే చదవలేదని ఎవర్నీ తిట్టక్కర్లేదు.

తర్వాత ఒకరు రెండు పేజీలు పైకి చదవాలి. పైకి చదివితే మామూలు నవల పేజీకి దాదాపు రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది; రెండు పేజీలు అంటే ఐదు నిమిషాలు. అంతకు మించితే వినేవాళ్ళ చూపు టీ కప్పుల మీదికి పోతుంది. వర్ణన దగ్గర మొదలుపెట్టకండి, ఇద్దరు మాట్లాడుకుంటున్నచోట మొదలుపెట్టండి. గొంతులు మార్చి నటించొద్దు. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా ఒక అరక్షణం ఆగితే చాలు. ప్రేమ సన్నివేశాలు పైకి చదవడం అందరికీ ఒకేలా ఉండదు, ముఖ్యంగా అత్తాకోడళ్ళు ఒకే కూటంలో ఉన్నప్పుడు. కాబట్టి చదివేది ఏదో ముందురోజే చెప్పాలి, ఎవరైనా "ఇది వద్దు" అంటే కారణం అడక్కుండా ఇంకోటి తీసుకోవాలి. పద్దెనిమిది లోపు పిల్లలు వచ్చే కూటమైతే పుస్తకం ఎంచేటప్పుడే ఒక పెద్దవాళ్ళు చివరిదాకా చదివి ఉండాలి.

ఇక ప్రశ్నలు. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నే తేవాలి, అది పుస్తకంలో వేలు పెట్టి చూపించగలిగేదై ఉండాలి. "హీరో పాత్ర ఎలా ఉంది" అంటే అందరూ తలూపి ఊరుకుంటారు. "ఈ భాగంలో ఆమె ఏ మాట నాలుక చివరిదాకా వచ్చి మింగేసింది?", "అతన్ని 'మీరు' నుంచి 'నువ్వు'కి ఎక్కడ మార్చింది, అది రచయిత గమనించి రాసిందేనా?" అని అడగండి. తెలుగు ప్రేమ నవలలో మీరు నువ్వయ్యే చోటు బంగారం; దాన్ని వెతకడం మొదలుపెడితే నవలంతా మళ్ళీ కొత్తగా కనిపిస్తుంది. ఫాంటసీకైతే "ఈ మంత్రం వాడినందుకు ఎవరు ఏం పోగొట్టుకున్నారు?", "ఈ ఉంగరం ముందే ఉంటే మూడో అధ్యాయంలో ఎందుకు వాడలేదు?" లాంటివి. రెండో ప్రశ్నకి జవాబు దొరక్కపోతే అది రచయిత తప్పే కావచ్చు, మొహమాటపడకండి.

చివర పది నిమిషాలు ఊహలకి వదిలేయండి. తర్వాత ఏమవుతుందో ఒక్కొక్కరు చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి, ఆఖరి మజిలీలో విప్పాలి. ముందే చదివేసినవాళ్ళు చీటీ వేయకూడదు, నవ్వకూడదు కూడా. చదివేసినవాళ్ళ చిరునవ్వే సగం కథ చెప్పేస్తుంది.

చెంపదెబ్బ సంగతి

పాత ప్రేమ నవలల్లో హీరో పొగరు, హీరోయిన్‌ని లాగి కొట్టడం, ఆమె దాన్నే ప్రేమ అనుకోవడం తగులుతూనే ఉంటాయి. పాతికేళ్ళ అమ్మాయి పుస్తకం మూసేస్తుంది, అరవై ఏళ్ళావిడ "మా కాలంలో ఈ పుస్తకం కోసం పోటీ పడ్డాం" అని చిన్నబుచ్చుకుంటుంది. ఇది వస్తుందని తెలిసి దాటవేస్తే ప్రతి వారం నడుమన పొగలా ఉంటుంది. ఆ సన్నివేశం ఉన్న మజిలీలో అరగంట దానికే ఇచ్చేయండి. ముందు పెద్దావిడ తనకి ఆ నవలలో ఏది నచ్చిందో చెప్పాలి. ఎక్కువసార్లు అది చెంపదెబ్బ కాదు. ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్లో, తన మాట చెల్లించుకున్న హీరోయినో అయి ఉంటుంది. తర్వాత చిన్నవాళ్ళు అదే సన్నివేశాన్ని నాలుగు వాక్యాల్లో తాము ఎలా రాసేవాళ్ళో చెప్పాలి. తీర్పు చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించొద్దు.

అరువిచ్చిన పుస్తకం తిరిగి రావాలంటే

ఒక నోటు పుస్తకం, నాలుగు గళ్ళు: పుస్తకం, తీసుకున్నవాళ్ళు, తీసుకున్న తేదీ, తేవలసిన తేదీ. ఇరవై ఒక్క రోజుల గడువు సరిపోతుంది. నెల అంటే మర్చిపోతారు. "దగ్గరవాళ్ళే కదా, రాసుకోవడం ఏంటి" అనుకున్న పుస్తకాలే పోతాయి.

వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి కుట్టించిన బైండు పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే ఇచ్చే ముందు భాగాల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. పదకొండు తర్వాత పదమూడు రావడం మామూలే. పోయిన భాగం కథ ఒక చీటీ మీద రాసి అక్కడ పెట్టండి. ఆ న్యూస్‌ప్రింట్ కాగితం అంచుల్లో పెళుసుగా ఉంటుంది. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు. కొన్నేళ్ళకి పసుపుపచ్చగా మారి, జిగురు అక్షరాల మీదికి పాకి, లాగితే అచ్చుతో సహా ఊడొస్తుంది. పల్చటి మైదా గంజితో సన్న టిష్యూ కాగితం ముక్క అంటించి, రెండు అట్టల మధ్య బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. గంజి చిక్కగా ఉంటే కాగితం ముడతలు పడుతుంది, పురుగూ పడుతుంది.

అమెరికాలో ఉన్న కూతురో చెల్లెలో కూడా కూర్చుంటానంటే సమయం భారతదేశం గడియారానికే కట్టేయండి. ఇక్కడ శనివారం రాత్రి 8:30 అంటే న్యూయార్కు వైపు వేసవిలో ఉదయం 11, చలికాలంలో 10. కాలిఫోర్నియాలో 8, 7. వాళ్ళ గడియారాలు మారిన వారం తప్పకుండా ఒకరు మార్చిలో అయితే గంట ముందుగా, నవంబరులో అయితే గంట ఆలస్యంగా వస్తారు. ముందురోజు గుర్తు చేయండి. తెలుగు చదవడం రాని పిల్లలుంటే ఆ మజిలీలోని రెండు పేజీలు ఎవరైనా పైకి చదివి వాయిస్ మెసేజ్ పంపితే చాలు, ప్రశ్న వాళ్ళు ఏ భాషలో అడిగినా తీసుకోండి.

ఆఖరి మజిలీ రోజు చివరి అధ్యాయం ఇంట్లో చదవొద్దని చెప్పి చూడండి. వినరు, అయినా చెప్పండి. అందరూ కూర్చున్నాక వంతులవారీగా, మనిషికో పేజీ చొప్పున పైకి చదవండి. ఆఖరి వాక్యం అయ్యాక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా టీ పోసి, అప్పుడు చీటీల డబ్బా తెరవండి.